నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జెమ్, ఈ-టెండర్ పనులు చేసిపెట్టే సెంటర్: మూడేళ్ళు తిరిగాక రాస్తున్నా

నల్లగొండ క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ దిక్కు నడుస్తుంటే ఒక మందుల దుకాణం వస్తుంది. దాని పక్కనే ఉన్న ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఒక ఆన్‌లైన్ సెంటర్. డిజిటల్ సిగ్నేచర్లు, సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే జెమ్ పోర్టల్ పనులు, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్ అప్‌లోడ్ చేయడం, జీఎస్టీ టీడీఎస్ రిటర్నులు, ఇవే వాళ్ళ పని. పాన్ కార్డులు, రైలు టికెట్ల జోలికి పోరు. నడిపే ఆయనతో పాటు ఇద్దరు పిల్లగాళ్ళు ఉంటారు. సెంటర్ గురించి రాస్తానంటే ఆయన పేరు మాత్రం వద్దన్నాడు, అందుకే రాయడం లేదు.

నేను దేవరకొండ దిక్కు ఒక చిన్న సర్కారు కాలేజీలో సీనియర్ అసిస్టెంటును. ఎస్టాబ్లిష్‌మెంటు, అకౌంట్సు, స్కాలర్‌షిప్పులు, స్టోర్సు, నాలుగు సీట్లూ నావే. జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉంది. కొనుగోళ్ళ మీద నాకు ఎవరూ ఒక్క రోజు కూడా శిక్షణ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో తెలిసిందంతా ఆడిట్ అభ్యంతరాలు చదివి తెలుసుకున్నదే. నాలాంటివాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. పీహెచ్‌సీల్లో, హాస్టళ్ళలో, హైస్కూళ్ళలో ఒక్కరే కూర్చుని బిల్లులు రాస్తుంటారు. వాళ్ళకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నా.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది 2023 ఫిబ్రవరి చివర్లో. మా కాలేజీలో 420 మంది పిల్లలు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై, తాగితే పళ్ళు గారపట్టే ఊరు మాది, ఆ బాధ ఈ జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. నీళ్ళ ప్లాంటు కోసం ఏళ్ళ తరబడి రాస్తే ఆ ఫిబ్రవరి మూడో వారంలో 2,60,000 రూపాయలు మంజూరు చేస్తూ ప్రొసీడింగ్స్ వచ్చాయి. కేంద్రం వాటా నిధులు కాబట్టి జెమ్‌లోనే కొనాలని అందులో ఒక లైను. మార్చి 31 లోపు ఖర్చు కాకపోతే వెనక్కి పోతాయని ఇంకో లైను. ఆ రెండు లైన్లు కలిపి చదివితే గుండె ఝల్లుమంది. మా ప్రిన్సిపల్ సారు డిజిటల్ సిగ్నేచర్ గడువు అయిపోయి అప్పటికి నాలుగు నెలలు. జెమ్‌లో మా ఆఫీసు ఖాతా పాత ప్రిన్సిపల్ పేరు మీద ఉంది, ఆయన గద్వాలకు బదిలీ అయ్యారు. ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది, ఆయన ఏ మీటింగ్‌లోనో ఉంటారు. పది నిమిషాల్లో ఓటీపీ పనికిరాకుండా పోతుంది, మళ్ళీ మొదటికి.

ఆ అవస్థలో సెంటర్‌కు పోయి నీళ్ళ ప్లాంటు కొనాలన్నా అంటే, ఆయన రేటు చెప్పలేదు, కంపెనీ పేరు చెప్పలేదు. "మేడం, శాంక్షన్ కాపీ తెచ్చిన్రా?" అన్నాడు. చూపించాను. "కొనుగోలు కమిటీ వేసిన్రా?" లేదు. "అంచనా రేటు ఎక్కడి నుంచి తీసుకున్నరు? ఎవరు రాసిచ్చిన్రు?" నా దగ్గర ఒక వ్యాపారి ఇచ్చిన రంగుల కాగితం ఉంది. దాన్నే సరుకు ఎలా ఉండాలో చెప్పే స్పెసిఫికేషన్‌గా పెట్టేద్దామని తెచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు. "ఇది నడవది మేడం. ఇది పెడితే ఆ కంపెనీ ఒక్కటే మిగులుతది. తర్వాత జవాబు చెప్పుకోవాల్సింది మీరు, నేను కాదు" అన్నాడు. ఆ రోజు పైసా తీసుకోలేదు. కాగితాలు సరిచేసుకొని రండి అని పంపించాడు. ఈ సెంటర్‌కు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క సాయంత్రానివే.

స్పెసిఫికేషన్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన ఆఫీసులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. తక్కువ రేటు వేసినవాళ్ళకే ఆర్డరు ఇవ్వాలి, అది రూలు. కాగితంలో అడగనిది తర్వాత అడగడానికి లేదు, అది ఆ రూలు వెంట వచ్చే చిక్కు. నాకు ఇది ముందే తగిలింది. 2019లో మేము కొన్న ప్రింటర్ మంచిదే, రేటూ తక్కువే. దాని కార్ట్రిడ్జి నల్లగొండలో ఎక్కడా దొరకదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఏడాదికి దాన్ని గుడ్డ కప్పి మూలన పెట్టాం. తప్పు అమ్మినవాళ్ళది కాదు. కార్ట్రిడ్జి జిల్లాలో దొరకాలని, సర్వీసు ఫలానా రోజుల్లో చేయాలని మేము ఒక్క ముక్క రాయలేదు.

నీళ్ళ ప్లాంటుకు సెంటర్ ఆయన చెప్పిన దారి ఇది. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి, ఫలితాన్ని బట్టి స్పెసిఫికేషన్ రాయండి అన్నాడు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో సీసా ఇచ్చి వచ్చాను. ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళ వసతి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ అంకె చేతిలోకి వచ్చాక రాత సులువైంది. గంటకు ఎన్ని లీటర్లు కావాలి, ప్లాంటు లోపలికి పోయే నీళ్ళు ఎలాంటివి, బయటికి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతకు మించకూడదు, మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) ఎన్నాళ్ళకు మార్చాలి, ఆ ఖర్చు ఎవరిది, రెండేళ్ళు సర్వీసు, చెడిపోయిందని ఫోన్ చేస్తే 48 గంటల్లో మనిషి రావాలి, వదిలేసే నీళ్ళకు పైపు ఎక్కడిదాకా వేయాలి. ఎక్కడా కంపెనీ పేరు లేదు. కెమిస్ట్రీ లెక్చరర్ గారు, ఫిజిక్స్ లెక్చరర్ గారు, నేను కలిసి కమిటీగా సంతకాలు పెట్టాం. కెమిస్ట్రీ సారు ఒక పూటంతా కూర్చుని దాన్ని తిరగరాశారు. ఆయన పాఠం చెప్పినంత శ్రద్ధగా చేశారా పని.

కేంద్రం వాళ్ళ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో కొత్తగా వచ్చినవి, వాటిలో 144వ రూలు ఇదే చెప్తుంది. కావలసిన నాణ్యత, రకం స్పష్టంగా రాయాలి, అవసరానికి మించిన హంగులు అడగొద్దు, పోటీ న్యాయంగా ఉండాలి. సెంటర్‌లో ఈ రూల్సు, మన రాష్ట్రం జీవోలు, సర్క్యులర్లు ప్రింటు తీసి స్పైరల్ వేసిన పుస్తకం ఒకటి 120 రూపాయలకు ఇస్తారు. నేను కొన్నాను, పేజీలు నలిగిపోయాయి. అసలు ఇలాంటి పుస్తకం ఒక ప్రైవేటు సెంటర్ మేడ మీద కొనాల్సి రావడం నాకు బాధ అనిపిస్తుంది. తమిళనాడుకు టెండర్ల పారదర్శకత చట్టం 1998లో వచ్చింది, కర్ణాటకకు 1999లో, రాజస్థాన్‌కు 2012లో. దేశమంతటికీ ఒక కొనుగోళ్ళ చట్టం తేవాలని 2012లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. మనకు ఫైనాన్షియల్ కోడ్ ఒక చోట, జీవోలు ఒక చోట, ఈ-ప్రొక్యూర్‌మెంట్ నియమాలు ఒక చోట, కేంద్రం స్కీముకు కేంద్రం రూల్సు. ఒకే కాలేజీలో ఒకే ఏడాది రెండు గ్రాంట్లు వస్తే రెండు పద్ధతుల్లో కొనాలి. ఏది దేనికి వర్తిస్తుందో చెప్పే మనిషి జిల్లా కేంద్రంలో ఒక్కరు ఉన్నా మాకు చాలు. ఆ మనిషి సర్కారు జీతం మీద ఉండాలి, మెట్ల మీద కాదు.

ఆ మార్చిలో ఏమైందంటే, కమిటీ, ల్యాబు రిపోర్టు, కొత్త డిజిటల్ సిగ్నేచర్, ఖాతా మార్పు అన్నీ అయ్యేసరికి మార్చి 9. రాత్రి తొమ్మిదిన్నర దాకా సెంటర్ తెరిచి పెట్టి, ఇది కొంటాం రేట్లు వేయండని జెమ్‌లో మా తరఫున బిడ్ పెట్టించారు. మార్చి నెలంతా వాళ్ళు పది దాకా ఉంటారు, ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా. నలుగురు సప్లయర్లు రేట్లు వేశారు. ప్లాంటు 27న దిగింది, బిల్లు 30న ఖజానాకు చేరింది. ఇదే బహిరంగ టెండరు అయి ఉంటే చేతులెత్తేసేవాళ్ళం. కేంద్ర నియమాల ప్రకారం దానికి మామూలుగా కనీసం 3 వారాల గడువు ఇవ్వాలి. డబ్బు ఫిబ్రవరిలో పంపి మార్చిలో లెక్క అడిగితే ఆ 3 వారాలు ఎక్కడి నుంచి వస్తాయి? రూలు పోటీ పెంచాలని గడువు ఇస్తుంది, బడ్జెట్టు ఆ గడువును మింగేస్తుంది. మధ్యలో నలిగేది సీటులో ఉన్న మనిషి. ఏప్రిల్‌లోనో జూన్‌లోనో పంపితే మా కాగితాల్లో సగం తప్పులు ఉండవని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

సెంటర్‌లో జరిగిన పొరపాటు కూడా రాయాలి. 2024లో డెస్కుల కోసం పోయినప్పుడు సెంటర్ నడిపే పెద్దాయన లేడు, పిల్లగాడు బిడ్ తయారుచేశాడు. అంతకుముందు ఏదో పెద్ద ఆఫీసు కోసం చేసిన బిడ్‌లోని షరతులు అట్లాగే ఉంచేశాడు. బిడ్ వేసేవాళ్ళకు ఏడాదికి 50 లక్షల టర్నోవర్ ఉండాలని. మేము కొనేది రెండు లక్షల చిల్లర సరుకు. నేను చూసుకోకుండా సరే అన్నాను. రెండు రోజులకు మిర్యాలగూడ వ్యాపారి ఒకాయన పోర్టల్‌లోనే అభ్యంతరం పెట్టాడు: డెస్కులు మేమే తయారు చేస్తాం, మా టర్నోవర్ అంత లేదు, ఈ షరతు ఎందుకని. ఆయన అడిగింది న్యాయం. సవరణ వేశాం, గడువు పొడిగించాం, వారం పోయింది. పెద్దాయన తెలిసి ఆ సవరణకు డబ్బులు తీసుకోలేదు, పిల్లగాడి చేత ప్రతి షరతూ పైకి చదివించే పద్ధతి పెట్టాడు. ఇప్పుడు నేను కూడా బిడ్ పబ్లిష్ చేసే ముందు మొత్తం ప్రింటు తీయించుకొని బయట టీ కొట్టు దగ్గర కూర్చుని చదువుతాను, అరగంట పట్టినా సరే. మీరూ అట్లాగే చేయండి. తప్పు సెంటర్‌ది అయినా సంతకం మన సారుది.

ఆ ఏడాది డెస్కుల ఫైలు అంతకుముందే నెలల తరబడి ఆగింది. 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది, ఎన్నికల కోడ్ మొదలు. డిసెంబరులో అది అయిపోయి ఊపిరి తీసుకునేలోపు 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూలు. ఆ వెంటనే మే 27న వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక. 2025 ఫిబ్రవరి 27న మళ్ళీ ఇదే మూడు జిల్లాల ఉపాధ్యాయ ఎమ్మెల్సీ. కోడ్ ఉన్నప్పుడు కొత్త టెండరు పిలవడానికి లేదు, పిలిచిన దాన్ని ఎన్నికల సంఘం ఒప్పుకోకుండా ఖరారు చేయడానికి లేదు. కోడ్ వద్దని నేను అనను, అది ఉండాలి. కానీ నిధుల గడువుకు ఆ నెలలు కలపరు. సెంటర్ గోడ మీద పెద్దాయన క్యాలెండరులో కోడ్ ఉన్న రోజులన్నీ ఎర్ర గీతలు కొట్టి పెట్టాడు. ఎవరు వచ్చినా ముందు దాని దగ్గరికి తీసుకుపోయి మీ తేదీలు ఇవీ అని వేలు పెట్టి చూపిస్తాడు. అది నాకు చాలా నచ్చింది.

కుర్చీల విషయంలో జరిగింది మాత్రం మరిచిపోలేను. అప్పటికి మాకు కొత్త సారు వచ్చారు, మంచి మనిషి, పిల్లలు నేల మీద కూర్చుంటున్నారని తొందర. "కమిటీ, పోలిక ఇవన్నీ ఎందుకమ్మా, మూడు బిల్లులు చేసి చిన్న మొత్తాల్లో కొనేద్దాం" అన్నారు. ఆ రోజు ఆయన్ని నాతో పాటు సెంటర్‌కు తీసుకుపోయాను. పెద్దాయన స్పైరల్ పుస్తకంలో ఆ కేంద్రం రూల్సులోని 157వ రూలు తీసి సారు ముందు పెట్టాడు: పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి ఒక అవసరాన్ని ముక్కలు చేసి కొనకూడదు. "మూడు బిల్లులు ఒకే వారంలో ఉంటే ఆడిట్ వాళ్ళ కన్ను ముందు అక్కడనే పడతది సార్" అన్నాడు. తిరుగు బస్సులో నేను సారుకు మా నాన్న సంగతి చెప్పాను. మా నాన్న కూడా స్టోర్ కీపరే. టెండరు డబ్బా మీద తాళం వేసి లక్క సీలు కొట్టే కాలం అది, ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలైందంటే అంతకు నాలుగేళ్ళ ముందు. పరీక్షలు దగ్గర పడ్డాయని పై అధికారి మాట మీద బెంచీలు మూడు బిల్లులుగా కొన్నారు. మూడు కొటేషన్లూ ఒకే టైపు మిషను మీద కొట్టినవని ఆడిట్ పట్టుకుంది. రేటు తేడా కింద 18,400 రూపాయలు రికవరీ రాశారు. నాన్న ఒక్క రూపాయి ఇంటికి తేలేదు, బెంచీలు ఆ రోజే క్లాసుల్లో వేశారు. సర్వీసులోనే పోయారు. ఆ 18,400 గ్రాట్యుటీలో పట్టుకున్నారు. కారుణ్య నియామకం మీద నేను చేరాక నా చేతికి వచ్చిన మొదటి పాత ఫైళ్ళలో అది కూడా ఉంది. సారు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు కమిటీ ప్రొసీడింగ్స్ మీద తనే మొదటి సంతకం పెట్టారు.

ఇక ఈ సెంటర్‌తో నాకున్న పెద్ద అభ్యంతరాలు రెండు.

ఒకటి, టోకెన్లు. కౌంటర్ కింద ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో డిజిటల్ సిగ్నేచర్ ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్లు ఇరవై దాకా ఉండేవి. ఒక్కోదానికి తెల్ల ప్లాస్టరు అంటించి ఆఫీసు పేరు, దాని మీదే పాస్‌వర్డు. ఎంఆర్ఓ ఆఫీసులు, హాస్టళ్ళు, పంచాయతీలు. చూసి నాకు చెమట పట్టింది. అది తాళం చెవి కాదు, సాక్షాత్తూ అధికారి సంతకం. ఐటీ చట్టం 2000లో 42వ సెక్షను టోకెనులో ఉండే రహస్య కీ తన చేతిలోనే ఉండేట్టు చూసుకోవాల్సిన బాధ్యత దాని యజమానిదే అంటుంది. ఆ డబ్బాలోని టోకెనుతో ఎవరు ఏం చేసినా కోర్టులో నిలబడేది పేరున్న అధికారి. పెద్దాయనను అడిగితే "వాళ్ళే వదిలిపెట్టి పోతరు మేడం, బస్సులో పోగొట్టుకుంటమని. తీసుకుపోండంటే కోపం చేస్తరు" అన్నాడు. ఆయన మాట నిజమే కావచ్చు. అయినా ఉంచుకోకూడదు. గట్టిగా చెప్పాక ఇప్పుడు పాస్‌వర్డు రాసిన ప్లాస్టర్లు తీసేశాడు, డబ్బా బీరువాలోకి పోయింది. నా దృష్టిలో డబ్బాయే ఉండకూడదు. మా కాలేజీ టోకెను నా టిఫిన్ సంచి లోపలి జేబులో వస్తుంది, దాంట్లోనే తిరిగి పోతుంది. పాస్‌వర్డు సారు ఫోనులో చెప్తే నేనే కొడతాను. అసలైతే సారే వచ్చి కొట్టాలి, అది కూడా ఒప్పుకుంటాను.

రెండోది ఇంకా ఇబ్బంది. ఈ సెంటర్ కొనేవాళ్ళ పనీ చేస్తుంది, అమ్మేవాళ్ళ పనీ చేస్తుంది. ఒకసారి మా కంప్యూటర్ల అంచనా స్క్రీన్ మీద ఉండగా పక్క కుర్చీలో ఒక సప్లయర్ కూర్చుని తన బిడ్ కాగితాలు స్కాన్ చేయించుకుంటున్నాడు. అతను చూశాడని నేను అనను. కానీ చూడొచ్చు. ఆ కంప్యూటర్లకే అతను బిడ్ వేస్తే, ఆ రేటు మా అంచనాకు దగ్గరగా వస్తే, అతను నిజాయితీగా వేసినా నమ్మేదెవరు? కేంద్రం రూల్సులో 175వ రూలు నీతి నియమావళి గురించే ఉంది, కొనుగోలు సమాచారాన్ని వాడుకొని లాభం పొందకూడదని, స్వార్థం అడ్డు వచ్చే చోట ముందే చెప్పాలని. నేను లేచి ల్యాప్‌టాప్ మూయించాను. అప్పటి నుంచి పొద్దున తొమ్మిదింటికి, అమ్మకందార్లు రాకముందు, ఆఫీసుల పని చేయమని అడిగితే ఆయన ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళు పాటించాడు, మార్చిలో మళ్ళీ అందరూ ఒకే గదిలో. ఈ ఒక్క కారణానికి నేను ఐదుకు ఐదు ఇవ్వలేను. గది మధ్యలో ఒక చెక్క గోడ పెడితే కొంత నయం. అంచనా రేటు మాత్రం నేనిప్పుడు సెంటర్‌కు తీసుకుపోవడమే మానేశాను, అది ఆఫీసు ఫైల్లోనే ఉంటుంది.

సరుకు దిగాక చేసే పని మీద వాళ్ళు చెప్పిన జాగ్రత్త బాగా అక్కరకు వచ్చింది. జెమ్‌లో సరుకు అందినట్టు ముందు ఒక రసీదు, తర్వాత 10 రోజుల్లోపు పరీక్షించి ఒప్పుకున్నామనో తిరస్కరించామనో ఇంకోటి ఇవ్వాలి. కొనేవాళ్ళు, సరుకు తీసుకునేవాళ్ళు, పైసలు ఇచ్చేవాళ్ళు వేరువేరుగా ఉండాలన్నది ఆ ఏర్పాటు వెనుక ఉద్దేశం. ముగ్గురు మనుషులున్న ఆఫీసులో అది కాగితం మీద జరుగుతుంది, కుర్చీ మాత్రం ఒకటే. అందుకే సరుకు తీసుకునే పని ఒక లెక్చరర్‌కు అప్పగించమని పెద్దాయన సలహా. కెమిస్ట్రీ సారు ఒప్పుకున్నారు. డెస్కులు వచ్చిన రోజు టేపు పెట్టి కొలిస్తే ఆరింటికి ప్లైవుడ్ మందం తక్కువ. ఆ ఆరూ తిప్పి పంపారు. నేను ఒక్కదాన్నే ఉంటే ఆ సాయంత్రం లారీవాడి తొందరకు సంతకం పెట్టేసేదాన్నేమో.

జీఎస్టీ టీడీఎస్ గురించి రెండు ముక్కలు. 2018 అక్టోబర్ 1 నుంచి, కాంట్రాక్టు విలువ పన్ను కాకుండా రెండున్నర లక్షలు దాటితే సప్లయర్ బిల్లులో 2 శాతం పన్ను మినహాయించి, తర్వాతి నెల 10వ తేదీలోపు జీఎస్టీఆర్-7 అనే రిటర్ను వేయాలి. చాలా ఆఫీసుల్లో పన్ను కలిపిన మొత్తం చూసి కోస్తున్నారు, లేదా అసలు కోయడం లేదు. సెంటర్‌లో నెలకు 300 తీసుకుంటారు, తేదీకి రెండు రోజుల ముందు వాళ్ళే ఫోన్ చేస్తారు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యం రుసుము పడలేదు.

మిగతా రేట్లు: రెండేళ్ళ డిజిటల్ సిగ్నేచర్ టోకెనుతో కలిపి నాకు 1,800 పడింది, బిడ్ తయారీ 500, రేట్ల పోలిక పట్టిక 200. చేతిరాత బిల్లు అడిగితేనే ఇస్తారు, తప్పక అడగండి, ఆఫీసు చిల్లర ఖర్చుల (కంటింజెన్సీ) కింద పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు, కింద బస్టాండ్ దాకా పోవాలి, ఇది పెద్ద లోటు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. నెట్ బాగుంటుంది. బండి పెట్టడానికి చోటు దొరకదు.

పెద్దాయన ఒకసారి నన్ను ప్రకాశం బజార్‌లో స్టేషనరీ వ్యాపారి దగ్గరికి పంపాడు, మీ దగ్గర బిడ్‌లు తక్కువ వస్తున్నయి కదా ఎందుకో ఆయన్ని అడగండని. ఆ వ్యాపారి చెప్పింది ఒక్కటే. "అమ్మా, సర్కారు బిల్లు పడేసరికి నా వడ్డీ లాభాన్ని తినేస్తది. పడితే అదృష్టం." చిన్న పరిశ్రమల చట్టం 2006లో 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని ఉంది, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని కూడా ఉంది. ఆయన ఆ వడ్డీ ఎన్నడూ అడగలేదట, అడిగితే మళ్ళీ ఆర్డరు రాదని భయం. ఊళ్ళో మంచి సరుకు ఉన్న మనిషి టెండరుకు రాకపోతే మేము చేసే పోటీ ఎవరి మధ్య? ఈ మాట ఎవరైనా పైవాళ్ళు చదివితే బాగుండు. నీళ్ళ ప్లాంటు బిల్లు ఖజానాలో ఉన్నన్ని రోజులూ ఆ సప్లయర్ ఫోన్ చేస్తే ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు.

ప్లాంటు బాగా నడుస్తోంది. పోయిన నవంబరులో మళ్ళీ పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ 0.6 వచ్చింది. మెంబ్రేన్ ఒకసారి మార్చారు, షరతు ప్రకారం వాళ్ళ ఖర్చు మీదే. పిల్లలు సీసాలు పట్టుకుని వరుసలో నిలబడితే నాకు ఆ స్పెసిఫికేషన్ కాగితం గుర్తొస్తుంది.

నా లెక్కలో ఐదుకు మూడున్నర. రూలు తెలిసిన మనిషి, అడ్డదారి చెప్పని మనిషి కాబట్టి అంత. డబ్బా, ఒకే గది, ఈ రెంటి వల్ల ఒకటిన్నర తగ్గించాను. పోయేవాళ్ళు మంజూరు ప్రొసీడింగ్స్, కమిటీ ఆర్డరు, సర్కారు మెయిల్ ఐడీ, ఆధార్‌కు కలిపిన ఫోను పట్టుకుపోండి. సంక్రాంతి తర్వాత రద్దీ మొదలవుతుంది, అక్టోబరు, నవంబరులో అయితే పెద్దాయన తీరిగ్గా కూర్చుని చెప్తాడు.

మాకు ఇప్పుడు ప్రిన్సిపల్‌గా ఒక మేడం వచ్చారు. కొత్త సిగ్నేచర్‌కు వీడియోలో మనిషి కనబడాలి కాబట్టి వచ్చే మంగళవారం ఇద్దరం ఏడున్నర బస్సుకు నల్లగొండ పోతున్నాం. టోకెను తన దగ్గరే ఉంచుకుంటానని, పాస్‌వర్డు ఎవరికీ చెప్పనని మేడం నేను అడగకముందే అన్నారు.